ఒంటి కొమ్ము

మా మెషీన్ గదిలోకి ఎవరైనా ఉన్ని స్వెటర్ వేసుకుని వస్తే నాకు ఒళ్ళు మండిపోతుంది. గొర్రె బొచ్చులో ఉండే ప్రోటీన్, మనిషి చర్మంలో ఉండే ప్రోటీన్, తలలోంచి రాలే చుండ్రు, అన్నీ వచ్చి నా సాంపుల్‌లోనే పడతాయి. మెషీన్ వాటినన్నిటినీ శ్రద్ధగా తూచి, ఇదిగోనమ్మా అని నా ముందు పెడుతుంది. అందుకే తలుపు మీద పెద్దక్షరాలతో "మీ చర్మం నాకొద్దు" అని రాసి అంటించాను. నా వెనకాల నన్ను చర్మమ్మ అంటారని తెలుసు. అననీ, నాకేం పోయింది!

ఆ మెషీన్‌ని మేం మహాతల్లి అంటాం. అసలు పేరు మాస్ స్పెక్ట్రోమీటర్. అది చేసే పని తూకం. ప్రోటీన్‌ని ముక్కలు చేసి దాని నోట్లోకి వదిలితే, ఒక్కో ముక్క ఎంత బరువో తేల్చి చెబుతుంది. బరువుల్ని బట్టి అది ఏ ప్రోటీనో మేం పోల్చుకుంటాం. తెర మీద ఒక్కో ముక్కకీ ఒక్కో కొమ్ము పైకి లేస్తుంది. మహాతల్లికి అలకలెక్కువ. గదిలో కాస్త ఉక్కపోసినా మూతి ముడుచుకుని కూర్చుంటుంది. దాని మనసెరిగి మసలుకోవడమే నా ఉద్యోగం.

మా అక్క కూతురిది కండరాల జబ్బు. దానికి పదకొండేళ్ళు. పుట్టినప్పుడు గుండ్రంగా ఉందని బుడంకాయ అని నేనే పిలవడం మొదలుపెడితే, ఇంట్లో అందరికీ అదే పేరైపోయింది. నడక వచ్చిన కొన్నాళ్ళకే తెలిసింది, కాళ్ళలో కండ కొద్దికొద్దిగా కరిగిపోతోందని. రోజూ పొద్దున ఒక మాత్ర వేస్తే ఆ కరగడం నెమ్మదిస్తుంది, అంతే. "ఇది జబ్బుని పోగొట్టదు, ఆలస్యం చేస్తుంది. ఒకసారి పోయిన బలం మాత్రం మళ్ళీ రాదు," అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఆ మాత్ర వల్ల బుగ్గలు ఉబ్బి, పిల్ల ఇంకా గుండ్రంగా తయారైంది. బళ్ళో ఎవరైనా ఏడిపిస్తే, "మీకు బుగ్గల్లేవని కుళ్ళు!" అని తిప్పికొట్టేది. నోరు మాత్రం అచ్చం నాదే వచ్చింది.

నేను ఈ లాబ్‌లో చేరింది దాని కోసమే. ఇక్కడి ఎలుకలకీ అదే జబ్బు. ఆ జబ్బుతో పుట్టేలా మేమే పెంచుతాం. పైకి చెప్పుకోవడానికి అంత గొప్పగా ఏమీ ఉండదు.

కండర కణం గోడకి అంటుకుని ఉండే ప్రోటీన్ ఒకటుంది. దాన్ని మేం గోడాయన అంటాం. జబ్బు మొదలయ్యేది ఆయన దగ్గరే. ఆయన్ని ఎవరు పాడుచేస్తున్నారో పట్టుకోవడం మా పని. అందుకని గోడాయనకి చిన్న తోక తగిలించిన ఎలుకల్ని పుట్టిస్తాం. అలాంటి ఎలుకని చంపి, కండని గడ్డకట్టించి, మెత్తగా రుబ్బి, ఆ తోకని మాత్రమే పట్టుకునే పూసలు అందులో వేస్తాం. పూసల్ని పైకి లాగితే తోకతో పాటు గోడాయన వస్తాడు. ఆయన చేయి పట్టుకుని ఎవరుంటే వాళ్ళూ వస్తారు. అందరినీ మహాతల్లి నోట్లో వేస్తే ఎవరెవరో చెప్పేస్తుంది.

జబ్బు ఎలుకల్లో ప్రతిసారీ ఒకడు గోడాయనతో పాటు వచ్చేవాడు. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లో వచ్చేవాడు కాదు. వాడికి సంచీవాడని పేరు పెట్టాం. ఎందుకంటే వాడుండాల్సింది గోడ దగ్గర కాదు, కణం లోపల మూతి కట్టేసిన చిన్న సంచీలో. మా పెద్దసారు ఆలోచన ఏమిటంటే, జబ్బులో ఆ సంచీ చిరుగుతుంది, వాడు బయటపడతాడు, వెళ్ళి గోడాయన చేయి పట్టుకుని వదలడు. గోడ కూలిపోతుంది. వాడి పట్టు విడిపించే మందు ఒకటి అప్పటికే ఉంది, వేరే జబ్బుకి ఎన్నాళ్ళుగానో వాడుతున్నారు. కొత్తగా తయారుచెయ్యక్కర్లేదు కాబట్టి పిల్లల మీద పరీక్షకి ఆసుపత్రి వాళ్ళు తొందరగానే ఒప్పుకున్నారు.

జబ్బు పిల్లల తల్లిదండ్రులందర్నీ పిలిచి పెద్దసారు ఈ సంగతి చెప్పారు. తెర మీద నేను తీసిన బొమ్మే. అక్క నా పక్కనే కూర్చుంది. మందు ఎప్పుడు మొదలయ్యేదీ ఆసుపత్రి వాళ్ళు తర్వాత చెబుతారన్నారు. షరతు ఒకటే అన్నారు: కొత్త మందు మొదలుపెట్టడానికి కొన్ని వారాల ముందే పాత మాత్ర పూర్తిగా మానెయ్యాలి. రెండూ కలిపి వేస్తే ఏది పనిచేసిందో తెలియదు కదా.

"దీన్ని తూచింది నువ్వే కదే?" అని అక్క నా చెవిలో అడిగింది.

"నేనే."

"నీ మెషీన్ అబద్ధం చెప్పదుగా?"

"చెప్పదక్కా. కానీ మనం అడిగినదానికే జవాబిస్తుంది. అడగాల్సింది ఇంకొకటి మిగిలే ఉంది. అది తేలేదాకా బుడంకాయకి మాత్ర ఆపకు. నా మాట విను."

అక్క తలూపింది. అది వినే తలూపడమో, నా నోరు మూయించే తలూపడమో అప్పుడు నాకు తెలియలేదు.

మిగిలిన ఆ పరీక్ష ఏమిటో ఆ సాయంత్రమే బుడంకాయకి నేనే చెప్పాను. మంచం మీద కాళ్ళు చాపుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, పెద్ద ఆరిందాలా విన్నది.

"రుబ్బేటప్పుడు కణాల గోడలూ, సంచులూ, సర్వం పగిలిపోతాయి. బతికుండగా ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు కూడా ఆ తొక్కిసలాటలో ఒకరి చేయి ఒకరు పట్టుకోవచ్చు. అందుకని ఇంకో ఎలుకని తెస్తాం. దానికీ జబ్బే, కానీ దాని గోడాయనకి తోక ఉండదు. దానికి చిన్నప్పట్నుంచీ బరువు తిండి పెడతాం."

"బరువు తిండా? అదేం తిండి?"

"మేతలో ఒక పదార్థం మామూలు దానికంటే వెంట్రుకవాసి బరువు ఎక్కువుంటుంది. అది తిని పెరిగితే ఒంట్లో ప్రోటీన్లన్నీ వెంట్రుకవాసి బరువెక్కుతాయి."

"అయితే ఆ ఎలుక లావుగా ఉంటుందా? నాలాగా?"

"నీలాగా ఉంటే గూట్లో పట్టొద్దూ! చూస్తే తేడా ఏం తెలీదే. మహాతల్లికి ఒక్కదానికే తెలుస్తుంది. ఇప్పుడా తోక ఎలుక కండనీ, బరువు ఎలుక కండనీ కలిపి రుబ్బుతాం. సంచీవాడు బతికుండగానే గోడాయన్ని పట్టుకుని ఉన్నాడనుకో, తోక ఎలుక సంచీవాడే వస్తాడు. ఒకటే బరువు, ఒకటే కొమ్ము. అలా కాక రుబ్బేటప్పుడు పట్టుకున్నాడనుకో, ఏ ఎలుకవాడు దొరికితే వాడే. సగం మామూలువాళ్ళు, సగం బరువువాళ్ళు. పక్కపక్కన రెండు కొమ్ములు లేస్తాయి."

"ఒంటి కొమ్ము వస్తే నాకు మందు."

"ఆఁ."

"రెండొస్తే?"

"రెండొస్తే మందు దండగ. నీ మాత్ర నీదే."

"ఎప్పుడు చేస్తావ్ మరి?"

"బరువు ఎలుకలు పుట్టాలి కదే. తల్లి కడుపులో ఉన్నప్పట్నుంచీ ఆ మేతే పడాలి. ఒళ్ళంతా బరువు పట్టాలంటే ఆ తల్లి మనవల దాకా ఆగాలి."

"అబ్బో!" అంది. తర్వాత చూపుడువేలు నుదుటి మీద నిలబెట్టి, ఒంటి కొమ్ములా ఊపుతూ నావైపు కుమ్మడానికి వచ్చింది. అప్పట్నుంచి నేనెప్పుడు వెళ్ళినా దాని పలకరింపు అదే, నుదుటి మీద ఒక వేలు. ఫోన్లో కనిపించినా అదే.

బరువు ఎలుకల్ని పెంచింది మా ఎలుకలాయన. జంతువుల గదిలో పనిచేస్తూ ముసలివాడైపోయాడు. రోజూ పోయి ఎంతవరకొచ్చాయని అడిగి ఆయన ప్రాణం తీశాను. "నేనేం వాటిని పంపు కొట్టి ఉబ్బించనా అమ్మాయ్? పెరిగినప్పుడే పెరుగుతాయి," అని కసిరేవాడు. ఈలోగా లాబ్ పనిలో పడి అక్కవాళ్ళింటికి వెళ్ళడం కూడా తగ్గిపోయింది. కొన్నాళ్ళకి ఫోన్ చేసినా అక్కే మాట్లాడేది. పిల్ల చదువుకుంటోందనేది, పడుకుందనేది.

చివరికి ఒక పొద్దున ఎలుకలాయనే వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "నీ బరువు పిల్లలు తయారు," అన్నాడు. తోక ఎలుకల్నీ, వాటినీ వేరు వేరు గూళ్ళలో తెచ్చిపెట్టి, "ఈసారన్నా ఆ పాపకి పనికొచ్చే కబురు చెప్పు," అని వెళ్ళిపోయాడు. చంపేటప్పుడు ఆయన అక్కడ ఉండడు. నేనుండాలి. వాటి మెడ దగ్గర వెచ్చదనం చేతికి తగులుతుంది. ఎన్నేళ్ళు చేసినా అది అలవాటవదు.

కండని పొగలు కక్కే ద్రవ నైట్రోజన్‌లో ముంచి, రెంటినీ కలిపి పొడి చేశాను. పూసలు వేశాను, లాగాను, కడిగాను, మహాతల్లికి అప్పగించాను. పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కిటికీలోంచి పొద్దుటి ఎండ పడి తెర సరిగ్గా కనిపించకపోతే లేచి పరదా వేశాను.

ముందు గోడాయన కనిపించాడు. ఒంటి కొమ్ము. తోక ఉన్నది ఒక్క ఎలుకకే కాబట్టి అలాగే రావాలి. అంటే పని సరిగ్గానే చేశాను. తర్వాత సంచీవాడి ముక్క కోసం చూశాను. రెండు కొమ్ములు. పక్కపక్కనే, ఒకే ఎత్తున. ఇంకో ముక్క చూశాను, రెండే. ఇంకోటి, ఇంకోటి. నిన్ను తగలెయ్య, ఒక్కటైనా ఒంటిగా రావే అని మహాతల్లిని పైకే తిట్టాను. సాంపుల్ నిండా నా చర్మమే ఉంది. కంగారులో ముట్టుకోకూడనివన్నీ ముట్టుకున్నట్టున్నాను.

పెద్దసారుని పిలుచుకొచ్చాను. ఆయన కుర్చీ లాక్కుని ఒక్కో ముక్కా మళ్ళీ చూశారు.

"రెండొచ్చినంత మాత్రాన అబద్ధమనడానికి లేదమ్మా," అన్నారు. "నిజంగా పట్టుకున్నవాడైనా చేయి వదులుతూ, మళ్ళీ పట్టుకుంటూ ఉండొచ్చు. అప్పుడు కూడా ఇలాగే కలిసిపోతారు."

ఆ మాటలో తప్పేమీ లేదు. దాన్ని పట్టుకుని వేళ్ళాడాను.

"అయితే సార్, పూసలు వేసీ వెయ్యగానే లాగేస్తే?"

"అలా లాగితే తోక ఎలుకవాడే ఎక్కువ కనబడాలి. వాళ్ళు మారే టైముండదుగా. చెయ్యి, చూద్దాం."

చేశాను. కాసేపు ఉంచి లాగాను, ఉంచకుండా లాగాను, వేసిన మరుక్షణం లాగాను. ఎంత తొందరగా లాగితే సంచీవాడు అంత తక్కువగా వచ్చాడు. వచ్చిన ఆ కాస్తలోనూ సగం సగమే. అంటే లాగేవేళకి వాళ్ళు ఇంకా అప్పుడప్పుడే ఒకరినొకరు పట్టుకుంటున్నారు. అంతకుముందు అక్కడ ఏ పట్టూ లేదు.

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "జబ్బు కండలో సంచులు బలహీనం కదా, రుబ్బగానే ముందు అవి చిరిగాయి. అందుకే ఆరోగ్యంగా ఉన్నవాటిలో వాడు రాలేదు," అన్నారు. ఆయన గొంతు ఎవరికో పాఠం చెబుతున్నట్టే ఉంది. "బతికుండగా వాళ్ళు కలవనే లేదు. చంపి, రుబ్బి, మనమే పరిచయం చేశాం."

నాకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. ఆయనా నేనూ ఒకే రోట్లో తల పెట్టాం.

"ఆసుపత్రికి ఇవాళే చెబుతాను. వాళ్ళు కూర్చుని నిర్ణయించేదాకా బయటివాళ్ళెవరితోనూ అనకు," అన్నారు.

"మా అక్క బయటిదా సార్?" అన్నాను. నేను సంచీ భుజాన వేసుకుని బయల్దేరాను.

బస్సులో కూర్చున్నంతసేపూ ఒకటే అనుకున్నాను. పర్వాలేదు, ఏం మునిగిపోలేదు, ఆశ పోయింది గానీ ఉన్నది పోలేదు. మాత్ర ఉంది. ఇంకొన్నేళ్ళు నడుస్తుంది. అక్క ఏడుస్తుంది, నన్ను నాలుగు తిడుతుంది, పడతాను.

తలుపు తీసింది అక్క. నన్ను చూడగానే ఆమె మొహంలో ఏదో తత్తరపాటు. "చెప్పకుండా వచ్చావేంటే?" అంది. లోపల కిటికీ పక్క కుర్చీలో బుడంకాయ కూర్చుని ఉంది. కళ్ళింత చేసుకుని నవ్వింది.

దాని బుగ్గలు లేవు.

ఉబ్బిన బుగ్గలు పోయి, ఎముకలు తేలిన చక్కని మొహం ఒకటి బయటికొచ్చింది. ఎవరైనా చూస్తే పిల్ల పెద్దదవుతోందనుకుంటారు. నేనలా అనుకోలేకపోయాను. ఆ బుగ్గలు మాత్రవి. మాత్ర మానేస్తే గానీ అవి పోవు.

"అక్కా, మాత్ర ఎప్పుడు ఆపావ్?"

"దేనికి అరుస్తావ్? వయసొస్తుంటే మొహం మారదా?"

"నాకు కథలు చెప్పకు! ఎప్పుడు ఆపావ్?"

అక్క గోడకి ఆనుకుంది. "సభ అయిన మర్నాడే," అంది. "ముందే మానేసి ఉంటే మొదటి జట్టులోనే తీసుకుంటారని ఒకావిడ చెప్పింది. నాకు ఆగాలనిపించలేదు."

"ఆగమని చెప్పానా లేదా? పక్కన కూర్చుని, చెవిలో, ప్రాణం పెట్టి చెప్పానా లేదా?"

"చెప్పావ్! ఆగు ఆగు అని పుట్టినప్పట్నుంచీ అందరూ అదే చెప్పారు. ఆగడానికి నేను సిద్ధమే. దాని కాళ్ళు ఆగుతాయటే? నీ ఎలుకలు మనవల్ని కనేదాకా దాని కాళ్ళు ఆగుతాయా?"

చెల్లెల్నై ఉండి కూడా అప్పుడు ఆమెని చాచి కొట్టాలనిపించింది, అంతలోనే కావిలించుకుని ఏడవాలనిపించింది. రెండూ చెయ్యలేదు.

"పిన్నీ," అంది బుడంకాయ.

తిరిగి చూశాను. నుదుటి మీద ఒక వేలు నిలబెట్టి ఉంది. ఊపడం లేదు. కుమ్మడానికి రావడం లేదు. ఉత్తినే నిలబెట్టి, కనుబొమలెత్తి, నా సమాధానం కోసం చూస్తోంది.

ఎలా చెప్పాలో బస్సులో ఎన్నో రకాలుగా అనుకున్నాను. ఒక్క మాటా గుర్తు రాలేదు. నా నుదుటి మీద రెండు వేళ్ళు పెట్టాను.

అక్కకి అర్థం కాలేదు. "ఏంటే ఆ కోతి వేషాలు?" అంది. పిల్లకి అర్థమైంది. వేలు మెల్లగా దించుకుంది.

"అయితే ఆ మందు విడిపించడానికి అక్కడ ఎవరూ ఎవర్నీ పట్టుకోలేదన్నమాట," అంది.

"లేదు తల్లీ."

"సరిగ్గా చూశావా?"

"చూశాను. పెద్దసారు కూడా చూశారు. మళ్ళీ మళ్ళీ చూశాం."

అప్పటికి అక్కకి తెలిసింది. గోడకి ఆనుకున్నదల్లా అలాగే కిందికి జారి కూలబడిపోయింది. ఏడవలేదు. నోటికి చేయి అడ్డం పెట్టుకుని, పిల్ల కాళ్ళవైపే చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, మాత్రలు ఎక్కడ పెట్టావ్?" అంది బుడంకాయ. మళ్ళీ తనే నావైపు తిరిగింది. "వంటింట్లో పై అరలో ఉంటాయి పిన్నీ. ఉండు, నేను నీళ్ళు తెచ్చుకుంటా."

లేవడం మొదలుపెట్టింది. ఇదివరకు కుర్చీ చేతి మీద ఒక చేయి ఆనించి లేచేది. ఇప్పుడు రెండు చేతులూ ఆనించింది. చాలలేదు. ముందుకి వంగి, అరచేతులు మోకాళ్ళ మీద వేసుకుని, తన ఒళ్ళు తనే ఎక్కుతున్నట్టు ఒక్కో చేయీ తొడల మీదుగా పైకి జరుపుకుంటూ, సగంలో ఆగి, ఊపిరి తీసుకుంది. నేను పరుగెత్తి పట్టుకోబోతే తల అడ్డంగా ఊపింది. నిలబడ్డాక మొహం ఎర్రగా కందిపోయి ఉంది.

"మాత్ర వేసుకుంటే ఇది మళ్ళీ వస్తుందా?" అని అడిగింది. ఏది అని నేనడగలేదు.

"రాదు. ఉన్నది ఉంటుంది, కొన్నాళ్ళు."

తలూపింది. కిటికీ అంచు పట్టుకుని కాసేపు బయటికి చూసింది. అక్క కింద కూర్చునే చేయి చాపి దాని మడమ పట్టుకుంది. అది విడిపించుకోలేదు.

"ఆ బరువు ఎలుకలు," అంది, "కాస్త తొందరగా పెరగాల్సింది పిన్నీ."

నేను వంటింట్లోకి వెళ్ళి, పై అర తెరిచి, మాత్రల కోసం వెతికాను.